అమెరికా నుంచి ఇంటికి ల్యాప్‌టాప్ తీసుకెళ్తున్నారా? కొనకముందు నుంచి ప్లగ్గు పెట్టేదాకా

నవంబరు మొదలైతే చాలు, మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఒకటే అడగడం. “బాబాయ్, అక్కడ థ్యాంక్స్‌గివింగ్ సేల్ అంట కదా, నాకో ల్యాప్‌టాప్ చూస్తావా?” అడిగేది గుంటూరులో బీటెక్ చదివే మా అన్నయ్య కొడుకు కావచ్చు, ఖమ్మంలో సీఏ చదివే మా పెద్దమ్మ మనవరాలు కావచ్చు. డాలస్‌కు వచ్చి పన్నెండేళ్లయింది. ఇప్పటికి ఏడెనిమిది ల్యాప్‌టాప్‌లైనా మోసుంటాను. వాటిలో మూడు అసలు కొనకుండా ఉండాల్సింది. ఆ మూడూ ఎందుకు తేడా కొట్టాయో ఎక్కడికక్కడ చెప్తాను.

నేను రాసేది అమెరికాలో కొని తెలుగు రాష్ట్రాల్లో వాడేవాళ్ల గురించి. దుబాయ్, లండన్, జర్మనీ వాళ్లకు తేడా ఉన్నచోట ఆ మాట కూడా వేశాను.

ముందు కాగితం మీద లెక్క వేయండి

అమెరికా వెబ్‌సైట్‌లో కనిపించే ధర మీరు కట్టే ధర కాదు. ఇండియాలో డబ్బా మీద ఉండే ధరలో 18 శాతం జీఎస్టీ కలిసే ఉంటుంది. ఇక్కడ సేల్స్ ట్యాక్స్ బిల్లు కొట్టేటప్పుడు పడుతుంది. డాలస్‌లో అది 8.25 శాతం, న్యూజెర్సీలో 6.625. ఒరెగాన్, డెలావేర్, న్యూ హాంప్‌షైర్, మోంటానాల్లో రాష్ట్ర సేల్స్ ట్యాక్స్ అసలు లేదు. పోర్ట్‌లాండ్‌లో దగ్గరి చుట్టాలుంటే అదృష్టవంతులు.

ఉదాహరణకు ల్యాప్‌టాప్ 900 డాలర్లు, డాలర్ 90 రూపాయలు అనుకుందాం. డాలస్ ట్యాక్స్‌తో 974 డాలర్ల పాతిక సెంట్లు. అంటే దాదాపు 87,700 రూపాయలు. అదే మోడల్ ఇండియాలో లక్ష ఉందనుకోండి. పన్నెండు వేలు మిగిలినట్టే కదా అనిపిస్తుంది. ఆగండి. దసరా, దీపావళి సేల్‌లో బ్యాంకు కార్డు డిస్కౌంటు కింద ఐదారు వేలు తగ్గితే మిగులు సగానికి పడిపోతుంది. టూరిస్టుగా వచ్చి ఇండియా క్రెడిట్ కార్డుతో కొంటే బ్యాంకు ఫారిన్ కరెన్సీ మార్కప్ వేస్తుంది. చాలా కార్డులకు అది 3.5 శాతం దాకా ఉంటుంది, దాని మీద జీఎస్టీ అదనం. నేను కొన్న ఒక ల్యాప్‌టాప్‌కు ఇవన్నీ తీసేస్తే మిగిలింది పద్దెనిమిది వందల రూపాయలు. దానికోసం రెండున్నర కిలోల గేమింగ్ ల్యాప్‌టాప్‌ను, ఇటుకంత చార్జర్‌ను దోహా ఎయిర్‌పోర్టులో ఆరు గంటలు భుజాన మోశాను. కొనకుండా ఉండాల్సిన మూడింట్లో ఇది మొదటిది.

నా లెక్క ఇది. అన్నీ పోను పదిహేను శాతం మిగలకపోతే ఇండియాలోనే కొనమంటాను. మీ తమ్ముడికో, బావగారికో వ్యాపారం ఉండి జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే ఇంకా సులువు. ఇండియాలో వ్యాపారం కోసం కొంటే కట్టిన 18 శాతాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి తీసుకోవచ్చు. డాలస్ బిల్లుతో ఆ పని జరగదు.

ట్యాక్స్ రీఫండ్ గురించి కూడా అడుగుతుంటారు. అమెరికాలో దేశమంతటికీ వర్తించే టూరిస్ట్ రీఫండ్ లేదు. దుబాయ్‌లో 5 శాతం వ్యాట్‌ను, సింగపూర్‌లో 9 శాతం జీఎస్టీని టూరిస్టులు ఎయిర్‌పోర్టులో క్లెయిమ్ చేసుకోవచ్చు. కొనేటప్పుడే షాపులో పాస్‌పోర్టు చూపించి చెప్పాలి. లండన్‌లో ఈ సౌకర్యాన్ని 2021 జనవరి 1 నుంచి ఎత్తేశారు. పాత యూట్యూబ్ వీడియో చూసి ఆశపడకండి.

చవకని చూసి మోసపోయే రకాలు

వంద, రెండు వందల డాలర్లకు దొరికే ల్యాప్‌టాప్‌లతో కాస్త జాగ్రత్త. వాటిలో చాలా భాగం క్రోమ్‌బుక్‌లు, అంటే విండోస్ బదులు గూగుల్ క్రోమ్ఓఎస్‌తో నడిచేవి. మా పిన్ని కొడుకు ఇంజనీరింగ్‌లో చేరాడని మురిసిపోయి ఒకటి పంపాను. చూడ్డానికి ముచ్చటగా ఉంది, చార్జింగ్ రోజంతా వస్తుంది. కానీ కాలేజీ ల్యాబ్‌లో చెప్పిన ఆటోక్యాడ్ విండోస్ సాఫ్ట్‌వేర్, అది అందులో ఎక్కదు. ఇప్పుడు మా పిన్ని దాంట్లో ప్రవచనాలు చూస్తోంది. ఇది రెండోది.

ఇంకొన్ని చవక మోడళ్లలో విండోస్ ‘ఎస్ మోడ్’లో వస్తుంది. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో దొరికే యాప్‌లు తప్ప వేరేవి ఎక్కవు. కంగారు పడక్కర్లేదు, స్టోర్ లోంచే ఉచితంగా మామూలు విండోస్‌కు మారొచ్చు. మళ్లీ వెనక్కి మాత్రం రాలేరు, రావాల్సిన పనీ లేదు. అసలు చూడాల్సింది స్టోరేజీ. 64 జీబీ, 128 జీబీ అని ఉంటే వదిలేయండి. విండోస్ అప్‌డేట్లకే చోటు చాలక ఏడుస్తుంది.

వారంటీ: డబ్బు మిగిలేదీ పోయేదీ ఇక్కడే

మూడోదాని కథ ఇది. మా అన్నయ్య కూతురికి మంచి కంపెనీ ల్యాప్‌టాప్ కొన్నాను, ఏ కంపెనీ అన్నది అనవసరం. ఏడో నెలలో స్క్రీన్ మీద నిలువుగా ఆకుపచ్చ గీత పడింది. విజయవాడలో సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే సీరియల్ నంబరు కొట్టి చూశారు. “ఇది యూఎస్ యూనిట్ అండీ, వారంటీ అక్కడే” అన్నారు. డబ్బులు కట్టి మార్పించాల్సి వచ్చింది. తప్పు వాళ్లది కాదు. వారంటీ కాగితంలో రాసే ఉంది, నేను చదవలేదు.

అందుకే కొనేముందు మోడల్ పేరు పెట్టి కంపెనీ సైట్‌లో వారంటీ పేజీ తెరవండి. షాపులో కుర్రాడు “గ్లోబల్ వారంటీ సార్” అంటే సరిపోదు. స్థూలంగా పరిస్థితి ఇదీ:

యాపిల్ మ్యాక్‌బుక్‌లకు ఏడాది వారంటీ ఏ దేశంలో కొన్నా ఇండియాలో పనిచేస్తుంది. ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే చాలు. నేను ఎక్కువగా మ్యాక్‌బుక్‌లే మోయడానికి ఇదే కారణం. బరువు తక్కువ, చార్జర్ చిన్నది, వారంటీ గొడవ లేదు.

డెల్‌లో ప్రతి యంత్రానికీ సర్వీస్ ట్యాగ్ అని ఒక గుర్తింపు నంబరు ఉంటుంది. అది ఏ దేశం పేరు మీద ఉంటే ఆ దేశంలోనే సర్వీస్. ఇండియాకు తీసుకెళ్లాక కంపెనీ సైట్‌లో ఆ ట్యాగ్‌ను ఇండియాకు మార్చమని ఫారం పెట్టాలి. పాడయ్యాక పెడదాంలే అనుకోవద్దు. దిగిన వారంలోనే పెట్టేయండి, టెన్షన్ ఉండదు.

లెనోవోలో థింక్‌ప్యాడ్ల వంటి ఆఫీసు మోడళ్లకు చాలావాటికి ఇంటర్నేషనల్ వారంటీ సర్వీస్ ఉంటుంది. ఇళ్లలో వాడే మామూలు మోడళ్లకు ఉంటుందన్న భరోసా లేదు. ఏసర్ నోట్‌బుక్‌లకు ఇంటర్నేషనల్ ట్రావెలర్స్ వారంటీ అని ఒకటుంది. హెచ్‌పీ, ఆసుస్‌లలో మోడల్‌ను బట్టి మారుతుంది. ఎవరిదైనా సరే, సీరియల్ నంబరుతో వెతికి వచ్చిన పేజీని స్క్రీన్‌షాట్ తీసి బిల్లుతోపాటు దాచండి.

ఇంకో సంగతి. వారంటీ కొన్న రోజు నుంచి లెక్క. నవంబరు సేల్‌లో కొని, మీరు ఇండియా వెళ్లే మే నెల దాకా అల్మారాలో పెడితే సగం ఏడాది వారంటీ అల్మారాకే పోతుంది. స్టోరువాళ్లు అంటగట్టే ప్రొటెక్షన్ ప్లాన్ అయితే దాదాపు ఎప్పుడూ అమెరికాలోనే చెల్లుతుంది, దాన్ని వద్దనండి.

కీబోర్డు ఒకసారి తేరిపార చూడండి

అమెరికా కీబోర్డుతో ఇబ్బంది లేదు. ఇండియాలో అమ్మే ల్యాప్‌టాప్‌ల అమరికా అదే. నాలుగు అంకె మీద రూపాయి గుర్తు అచ్చు వేసి ఉండదు, అంతే తేడా. సెట్టింగ్స్‌లో ‘ఇంగ్లిష్ ఇండియా’ కీబోర్డు ఎంచుకుని కుడివైపు ఆల్ట్, 4 కలిపి నొక్కితే రూపాయి గుర్తు పడుతుంది.

లండన్ నుంచి తెచ్చేవాళ్లకు ఎంటర్ బటన్ తలకిందులైన ‘ఎల్’ ఆకారంలో ఉంటుంది. అట్ గుర్తు, డబుల్ కోట్ స్థానాలు తారుమారు. మెయిల్ ఐడీ కొట్టేటప్పుడల్లా విసుగొస్తుంది. జర్మనీవి ఇంకో రకం, వై ఉండాల్సిన చోట జెడ్ ఉంటుంది. ఫ్రాన్స్‌లో మొదటి వరుస క్యూతో కాదు, ఏతో మొదలవుతుంది. సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు గానీ అచ్చయిన అక్షరం ఒకటి, పడే అక్షరం ఒకటి అవుతుంది. చూడకుండా టైప్ చేసేవాళ్లకు ఫర్వాలేదు. ఇంట్లో నాన్నగారు కూడా వాడతారంటే వద్దు. జర్మనీలో ఉన్నా ఆన్‌లైన్‌లో యూఎస్ కీబోర్డు ఎంచుకునే వీలు కొన్ని మోడళ్లకు ఉంటుంది, అడిగి చూడండి.

తెలుగు టైపింగ్‌కు ఏ దేశపు ల్యాప్‌టాప్ అయినా ఒకటే. విండోస్‌లో భాషల జాబితాలో తెలుగు చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్‌తోపాటు ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే ఫొనెటిక్ కీబోర్డు కూడా వస్తుంది.

సీలు విప్పకుండా తీసుకెళ్లొద్దు

చాలామంది చేసే పొరపాటు ఇది. “కొత్తది కదా, వాడి చేత్తో వాడే విప్పుకుంటాడు” అని డబ్బా అలాగే తీసుకెళ్తారు. అక్కడ విప్పితే ఒక కీ పనిచేయదు. మీరు తిరిగొచ్చేసరికి రిటర్న్ గడువు అయిపోతుంది. యాపిల్‌లో 14 రోజులు, బెస్ట్ బైలో మామూలుగా 15, కాస్ట్‌కోలో 90 రోజుల గడువు ఉంటుంది. ఆ లోపలే పని కానివ్వండి.

ఒక సాయంత్రం కూర్చుంటే చాలు. తెల్ల పేజీ, నల్ల పేజీ పెట్టి స్క్రీన్ మీద చుక్కలున్నాయేమో చూడండి. ప్రతి కీ ఒకసారి నొక్కండి. కెమెరా, మైకు చూడటానికి ఇంటికే వీడియో కాల్ చేయండి. రెండు పక్కలా ఉన్న పోర్టుల్లో పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి. చార్జింగ్ నిండా పెట్టి, ఒక సినిమా అయ్యేదాకా చార్జర్ తీసేసి వాడండి. అప్‌డేట్లన్నీ ఇక్కడి ఇంటర్నెట్‌లోనే దింపేయండి.

ఇక అసలైన మెలిక. విండోస్ 11 మొదలుపెట్టగానే మైక్రోసాఫ్ట్ అకౌంట్ అడుగుతుంది. పరీక్ష కోసం మీదే ఇస్తారు. అప్పుడు అది హార్డ్‌డిస్క్‌కు తాళం వేసి, ఆ తాళంచెవిని మీ అకౌంట్‌లో దాస్తుంది. దాని పేరు బిట్‌లాకర్ రికవరీ కీ, 48 అంకెలు. రోజూ దానితో పని పడదు. ఏడాది తర్వాత ఏదో బయోస్ అప్‌డేట్ అయ్యాకో, మదర్‌బోర్డు మార్చాకో నీలి తెర వచ్చి ఆ 48 అంకెలు అడుగుతుంది. మాకు అలాగే అయింది. రాత్రి రెండున్నరకు ఫోను. “బాబాయ్, రేపు ప్రాజెక్టు సబ్మిషన్, ఇదేదో కీ అడుగుతోంది.” నేను నిద్రకళ్లతో మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీలో నా డివైసుల కింద దాన్ని వెతికి, ఆరారు అంకెల చొప్పున ఎనిమిది సార్లు చదివాను. వాడు అయిదో ముక్క తప్పు కొట్టాడు. మళ్లీ మొదటినుంచి.

కాబట్టి పరీక్ష అయ్యాక సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలోకి వెళ్లి ‘రీసెట్ దిస్ పీసీ’ నొక్కండి. అందులో ‘రిమూవ్ ఎవ్రీథింగ్’ ఎంచుకోండి. మళ్లీ కొత్తదానిలా తెరుచుకుంటుంది, అప్పుడు ఎవరు వాడతారో వాళ్ల అకౌంట్‌తోనే మొదలవుతుంది. మ్యాక్ అయితే ముందు మీ యాపిల్ అకౌంట్ సైన్ అవుట్ చేసి, సిస్టమ్ సెట్టింగ్స్, జనరల్, ‘ట్రాన్స్‌ఫర్ ఆర్ రీసెట్’లో అంతా చెరిపేయండి. లేకపోతే అది మీ పేరు మీదే లాక్ అయి ఉంటుంది.

విమానంలో, కస్టమ్స్‌లో

ల్యాప్‌టాప్ చేతి సంచిలోనే పెట్టుకోండి. చెక్-ఇన్ పెట్టెలో పచ్చళ్ల సీసాలు, చాక్లెట్ల మధ్య వద్దు. అది పగులుతుందన్న భయం ఒకటి, లిథియం బ్యాటరీకి మంటంటుకుంటే సరుకుల అరలో ఆర్పేవాళ్లుండరన్నది ఇంకొకటి. బ్యాటరీ 100 వాట్ అవర్స్ లోపు ఉంటే ఎవరినీ అడగక్కర్లేదు. దాదాపు అన్ని ల్యాప్‌టాప్‌లూ ఆ లోపే ఉంటాయి. పవర్ బ్యాంకు కూడా చేతి సంచిలోనే. డబ్బాను మడిచి పెట్టె అడుగున పెట్టుకోండి.

కస్టమ్స్ రూలు చాలా సూటిగా ఉంది. 18 ఏళ్లు నిండిన ప్రతి ప్రయాణికుడూ ఒక ల్యాప్‌టాప్‌ను సుంకం లేకుండా ఇండియాకు తెచ్చుకోవచ్చు. ఖరీదెంతైనా సరే. ఇది మిగతా వస్తువులకు ఇచ్చే ఫ్రీ అలవెన్సులో కలవదు, దానికి వేరే. ఆ అలవెన్సు ఇదివరకు 50,000 రూపాయలు, 2026 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త బ్యాగేజీ రూల్స్‌తో 75,000 అయింది.

ఇబ్బంది వచ్చేది రెండో ల్యాప్‌టాప్‌తో. మీ భుజాన ఆఫీసు ల్యాప్‌టాప్ ఉంది, సంచిలో అన్నయ్య కొడుకుది ఉంది. ఉచితం ఒకటే. రెండోదాన్ని మీరు తెచ్చిన మిగతా సరుకుతో కలిపి లెక్కేస్తారు. మొత్తం పరిమితి దాటితే పన్ను. పన్ను శాతాలు బడ్జెట్‌తోపాటు మారుతుంటాయి కాబట్టి, టికెట్ బుక్ చేసిన రోజు కాదు, బయల్దేరే వారంలో కస్టమ్స్ శాఖ సైట్ చూడండి. అదే శాఖవారి ‘అతిథి’ యాప్‌లో డిక్లరేషన్ ముందే నింపొచ్చు. కట్టాల్సింది ఉందనిపిస్తే రెడ్ చానెల్‌కే వెళ్లండి. గ్రీన్‌లో వెళ్లి దొరికితే వాదనకు మాటుండదు.

మీరు ఇండియా నుంచి ఖరీదైన ల్యాప్‌టాప్ పట్టుకుని బయటికి వెళ్లి మళ్లీ తిరిగి వచ్చేవాళ్లయితే, వెళ్లేటప్పుడే శంషాబాద్‌లో కస్టమ్స్ కౌంటర్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. తిరిగొచ్చేటప్పుడు అది పాతదేనని చూపించడానికి పనికొస్తుంది. పది నిమిషాల పని, ఎవరూ చేయరు.

మాకైతే అసలు దారి అమ్మానాన్నలు. ఆరు నెలలుండి వెళ్తున్నప్పుడు ఇద్దరి పేరునా రెండు ల్యాప్‌టాప్‌లు వెళ్తాయి. పిల్లలను లెక్కేయకండి, 18 దాటాలి. ఒకే ఒక్క జాగ్రత్త, రెండూ ఒకరి సంచిలో పెట్టొద్దు. మా అమ్మ సంచి బరువుగా ఉందని నాన్న రెండూ తన భుజానికే తగిలించుకున్నారు. అధికారి “రెండూ మీవేనా?” అంటే ఆయన అలవాటుగా “ఆ, మావేనండీ” అన్నారు. వెనక నడుస్తున్న అమ్మను చూపించి, పాస్‌పోర్టులు రెండూ తీసి, బిల్లులు చూపించేసరికి పావుగంట పట్టింది. అప్పటినుంచి ఎవరి సంచిలో వాళ్లది, ఎవరి బిల్లు వాళ్ల దగ్గరే ప్రింటు తీసి ఇస్తున్నాను.

తెలిసినవాళ్లెవరైనా వెళ్తుంటే పంపడం మన దగ్గర మామూలే. వాళ్లకు ఆఫీసు ల్యాప్‌టాప్ ఉందా అని ముందే అడగండి. మొహమాటానికి సరే అని, దిగాక వాళ్లు ఇరుక్కోవడం బాగుండదు.

కొరియర్‌లో మాత్రం వద్దు. బహుమతి పేరుతో సుంకం లేకుండా పంపే వెసులుబాటు 2019 డిసెంబరులో పోయింది. పంపే ఖర్చు, పన్ను కలిస్తే మిగిలిన డబ్బంతా అక్కడే అయిపోతుంది. 2023 ఆగస్టు 3న ల్యాప్‌టాప్ దిగుమతులకు లైసెన్సు కావాలని ప్రకటన వచ్చినప్పుడు మా గ్రూపులన్నీ గగ్గోలెత్తాయి. ఆ ఉత్తర్వులోనే వెంట తెచ్చుకునే బ్యాగేజీకి మినహాయింపు ఉంది. ఇప్పటికీ ఎవరో ఒకరు ఆ పాత మెసేజ్ ఫార్వర్డ్ చేస్తుంటారు, పట్టించుకోకండి.

కరెంటు, ప్లగ్గు

అమెరికాలో 120 వోల్టులు, మన దగ్గర 230. ల్యాప్‌టాప్ కాలిపోతుందేమోనని అమ్మలు భయపడేది ఇక్కడే, భయపడక్కర్లేనిదీ ఇక్కడే. చార్జర్ ఇటుక వెనక చిన్న అక్షరాల్లో ‘ఇన్‌పుట్’ అన్న వరుస చూడండి. 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే నేరుగా పెట్టేయొచ్చు. ల్యాప్‌టాప్ చార్జర్లన్నీ దాదాపు ఇలాగే వస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్, కన్వర్టర్ కొనకండి.

కాలిపోయేది ల్యాప్‌టాప్ కాదు, దానితోపాటు మీరు పెట్టే అమెరికా పవర్ స్ట్రిప్. ఆరు ప్లగ్గులున్నాయని నేనొకటి తీసుకెళ్లి గుంటూరులో గోడకు తగిలించాను. స్విచ్ వేయగానే ఠప్పుమంది, పొగ, కాలిన వాసన. లోపల సర్జ్‌ను, అంటే ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీని, ఆపే భాగాలు 120 వోల్టులకు చేసినవి, 230 రాగానే దాన్నే సర్జ్ అనుకుని తమను తాము కాల్చుకున్నాయి. స్పైక్ బస్టర్ ఇండియాలోదే కొనండి.

ప్లగ్గుకు నాలుగు డాలర్ల ట్రావెల్ అడాప్టర్ పెట్టి నెట్టుకొచ్చేవాళ్లున్నారు. అది వదులుగా ఊగుతుంది, పైగా చాలావాటిలో ఎర్త్ ఉండదు. లోహపు బాడీ ఉన్న ల్యాప్‌టాప్ మీద మణికట్టు ఆనిస్తే సన్నగా జివ్వుమంటుంది. చార్జర్ నుంచి వచ్చే అతి చిన్న లీకేజీ కరెంటుకు భూమిలోకి దారి లేకపోవడం వల్ల అలా అవుతుంది. ప్రమాదం కాదు గానీ చిరాకు.

దీనికి తేలిక మార్గం ఉంది. చార్జర్‌లో ఇటుక నుంచి గోడకు వెళ్లే వైరు చాలావాటికి విడిగా ఊడొస్తుంది. ఆ ఒక్క వైరును ఇండియా మూడు పిన్నుల వైరుతో మార్చేయండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే మన సీటీసీ, అక్కడ ఏ షాపులోనైనా రెండు మూడు వందలకు ఇస్తారు. ఇటుక వైపు దూరే మూతి మూడు రకాలుంటుంది, కాబట్టి వైరు ఫోటో చూపించకుండా ఇటుకనే పట్టుకెళ్లండి. యూఎస్‌బీ-సీతో చార్జ్ అయ్యేదైతే 65 వాట్ల చార్జర్ ఇండియాలోనే ఇంకొకటి కొని కాలేజీ సంచిలో ఉంచుకోమనండి, అమెరికాది ఇంట్లో ఉంటుంది.